పెద్ద తొట్టి లాగడానికి ట్రాక్టరును ఎంచుకునే పద్ధతి

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, పొట్టంగి ప్రాంతాల తెలుగు ఊళ్లలో ట్రాక్టరు కొనడానికి బయలుదేరిన రైతు షోరూములో మొదట అడిగే ప్రశ్న "ఇది ఎన్ని హెచ్‌పీ?" అన్నదే. దుక్కికీ దమ్ముకీ ఆ ప్రశ్న చాలావరకు సరిపోతుంది. అయితే మా ఇంట్లో ట్రాక్టరు ఏడాదిలో ఎక్కువ రోజులు తొట్టి వెనకేసుకునే తిరుగుతుంది. కళ్లం నుంచి ధాన్యం, కొండ ఊళ్ల నుంచి మొక్కజొన్న, పత్తి, జీడిపిక్కలు, సరుగుడు, నీలగిరి వాసాలు, ఇల్లు కట్టేవారికి ఇటుక, ఇసుక అన్నీ దాని మీదే వస్తాయి. తొట్టిని కొందరు ట్రక్కు అంటారు, కొందరు ట్రాలీ అంటారు. ఇక్కడ తొట్టి అనే రాస్తాను. దాన్ని కొండదారిలో ఎక్కించి, మళ్లీ క్షేమంగా దించగల ట్రాక్టరును ఎలా ఎంచుకోవాలన్నదే ఈ వ్యాసంలోని విషయం.

కొన్నేళ్ల కిందట మా చిన్నాన్న 35 హెచ్‌పీ ట్రాక్టరు ఒకటి కొన్నారు. అమ్మిన మనిషి "ఈ బండి వెనక ఏం కట్టినా లాగేస్తుంది బాబూ" అని భరోసా ఇచ్చాడు. ఇంట్లో అప్పటికే నాలుగు చక్రాల పాత తొట్టి ఉండేది. ఆ ఏడు మొక్కజొన్న బస్తాలు వేసుకుని కొండదారిలో వస్తుండగా చినుకులు మొదలయ్యాయి. ఎత్తు మధ్యలో వెనక చక్రాలు తారు మీద ఉన్నచోటనే గిర్రున తిరగసాగాయి. ఇంజను ఆగలేదు, పొగ కూడా పెద్దగా రాలేదు, కానీ బండి అంగుళం అంగుళంగా వెనక్కి జారింది. నేను దూకి తొట్టి చక్రం వెనక రాయి పెట్టాను. మొదటి రాయి పక్కకు ఎగిరిపోయింది, రెండోది నిలిచింది. సగం బస్తాలు రోడ్డు పక్కన దించి, రెండు విడతలుగా ఇంటికి చేర్చాము. ఆ రోజు ఇంజనులో బలం మిగిలే ఉంది, చక్రం కింద పట్టు మాత్రం లేదు. అప్పటి నుంచి మా ఇంట్లో ఏ బండి కొన్నా లెక్క తొట్టి దగ్గర మొదలుపెట్టి ట్రాక్టరు వైపు వస్తాము.

ముందు తొట్టిని తూచండి

తొట్టి ఎంత బరువు మోస్తుందో దాని పరిమాణం చూసి చెప్పలేము. పది అడుగుల పొడవు, ఆరు అడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు పక్కలు ఉన్న తొట్టిలో 120 ఘనపుటడుగులు, అంటే సుమారు 3.4 ఘనమీటర్లు పడుతుంది. అందులో ధాన్యాన్ని పక్కల అంచు వరకు విడిగా పోస్తే దాదాపు 2 టన్నులు అవుతుంది. అదే తొట్టిలో తడి ఇసుక అంచు వరకు నింపితే 6 టన్నులు దాటుతుంది. కంటికి రెండూ నిండు తొట్టిలే, ట్రాక్టరుకు మాత్రం ఒకటి మరొకదానికి మూడింతలు. కాబట్టి మీ ఇంట్లో ఏ సరుకు ఎక్కువసార్లు, ఏ సరుకు ఎక్కువ బరువుతో వెళ్తుందో ముందు రాసుకోండి. ధాన్యం బస్తాల్లో వేసే పక్షంలో 80 కిలోల లెక్కన 62 బస్తాలకు 5 టన్నులకు కాస్త తక్కువ వస్తుంది. దానికి ఖాళీ తొట్టి బరువు కలపాలి. రెండు చక్రాల మంచి ఇనుప తొట్టి టన్నున్నర వరకు ఉంటుంది.

అంచనాలతో ఆగకుండా ఒక రోజు వేబ్రిడ్జి కాటాకు వెళ్లడం మేలు. సొంత ట్రాక్టరు లేకపోతే తెలిసినవారి బండి అడిగి తీసుకోండి, మూడు తూకాలు చాలు. మొదటిది డ్రైవరుతో సహా ట్రాక్టరు ఒక్కటే. రెండోది మామూలుగా వేసే లోడుతో తొట్టి తగిలించి, మొత్తం బండి. మూడోది తొట్టి తగిలించే ఉంచి, ట్రాక్టరు నాలుగు చక్రాలు మాత్రమే కాటా మీద, తొట్టి చక్రాలు బయట నేల మీద. రెండో తూకంలోంచి మొదటిది తీసివేస్తే లోడుతో తొట్టి బరువు వస్తుంది. మూడో దానిలోంచి మొదటిది తీసివేస్తే తొట్టి మీ హుక్ మీద ఎంత బరువు మోపుతోందో తెలుస్తుంది. ఈ రెండో అంకె చాలామందికి తెలియదు, కొండదారిలో పట్టును నిలిపేదీ ముందు చక్రాలను తేల్చేదీ అదే. మా తూకాలకు దగ్గరగా గుండ్రటి అంకెలు తీసుకుంటాను: ట్రాక్టరు 2100 కిలోలు, మొత్తం 8600, అంటే లోడుతో తొట్టి 6500, హుక్ మీద 650. ఇక ముందు లెక్కలన్నీ ఈ అంకెల మీదే చేస్తాను. మీరు మీ అంకెలు వేసుకోండి.

ఎత్తు ఎక్కడానికి ఎంత బలం కావాలి

దారి పన్నెండు అడుగులకు ఒక అడుగు లేస్తుందనుకుందాం. మొత్తం బరువును 12తో భాగిస్తే ఆ ఎత్తు మీద బండిని వెనక్కి లాగే బలం వస్తుంది: 8600 ÷ 12, సుమారు 717 కిలోలు. దానికి తోడు టైర్లు దొర్లడానికి కొంత బలం ఖర్చవుతుంది. మంచి తారు మీద అది బరువులో 2 శాతం చొప్పున 172 కిలోలు. రెండూ కలిపి 890 కిలోల లాగుడు కావాలి. అదే బండి వాన తర్వాత చదునైన మట్టి బాటలో వెళ్తే దొర్లడానికే 8 శాతం వరకు పడుతుంది, అంటే దాదాపు 690 కిలోలు. కొండ లేకపోయినా పొలం బాట ఒక కొండతో సమానమని దీన్నిబట్టి అర్థమవుతుంది. మీ దారిలో ఎత్తు ఎంతో తెలియకపోతే పన్నెండు అడుగుల తిన్నని వాసాన్ని ఎత్తు బాగా ఉన్న చోట రోడ్డు పొడవునా పెట్టి, మేస్త్రీ వాడే లెవెల్ సీసాతో సమం చేసి, దిగువ కొనకు నేలకు మధ్య ఎత్తును టేపుతో కొలవండి. ఒక అడుగు వస్తే పైన చెప్పిన లెక్కే, అడుగున్నర వస్తే కొండ బలం దానికి ఒకటిన్నర రెట్లు.

హెచ్‌పీ లెక్క దీని తర్వాత వస్తుంది. కిలోల్లో లాగుడును గంటకు కిలోమీటర్ల వేగంతో హెచ్చించి 270తో భాగిస్తే చక్రాల దగ్గర కావలసిన హెచ్‌పీ తెలుస్తుంది. 890 కిలోలను 8 కిలోమీటర్ల వేగంతో ఎక్కించాలంటే 26 హెచ్‌పీ పైచిలుకు కావాలి. ఇంజను నుంచి చక్రం చేరేలోగా గేర్లలోనూ టైర్లలోనూ అయిదో వంతు పోతుందనుకుంటే ఇంజను 33 హెచ్‌పీ ఇవ్వాలి. అదే ఎత్తును 12 కిలోమీటర్ల వేగంతో ఎక్కాలంటే ఇంజను దాదాపు 50 హెచ్‌పీ ఇవ్వాలి. అంటే హెచ్‌పీ పెరిగితే ముఖ్యంగా వేగం పెరుగుతుంది. ఎక్కగలమా లేదా అన్నది గేరు, పట్టు తేల్చే విషయం. నా అభిప్రాయంలో 6 నుంచి 7 టన్నుల తొట్టితో కొండదారి తిరిగే ఇంటికి 45 నుంచి 50 హెచ్‌పీ తగిన స్థాయి. 35 హెచ్‌పీ బండిని రోజూ గొంతు దాకా వాడితే దాని క్లచ్చు, ఇంజను రెండూ త్వరగా అరుగుతాయి.

50 హెచ్‌పీ దగ్గర ఒక గీత ఉంది. 2023 జనవరి 1 నుంచి 50 హెచ్‌పీకి పైబడిన కొత్త ట్రాక్టర్లకు ట్రెమ్ 4 కాలుష్య నిబంధనలు వర్తిస్తున్నాయి. ఆ ఇంజన్లలో డీజిలును ఎలక్ట్రానిక్ పద్ధతిలో అందించే ఏర్పాటు ఉంటుంది, ధర పెరుగుతుంది, మరమ్మతుకు కంప్యూటరున్న మెకానిక్కు కావాలి. అలాంటి సర్వీసు కేంద్రం మీకు దగ్గరలో రాయగడలో ఉందా, పార్వతీపురం దాకా పోవాలా అన్నది చూసుకున్నాకే ఆ గీత దాటండి.

పట్టు ఎక్కడి నుంచి వస్తుంది

తోసే చక్రాల మీద ఉన్న బరువులో కొంత వంతు మాత్రమే లాగుడుగా మారుతుంది. ఎండిన తారు మీద ఆ వంతును జాగ్రత్త కోసం 0.6 అనుకుందాం, జిగట మట్టి తడిసినప్పుడు 0.3 అనుకుందాం. 2100 కిలోల టూ వీల్ డ్రైవ్ (వెనక చక్రాలు మాత్రమే తోసే) ట్రాక్టరులో వెనక చక్రాల మీద దాదాపు 60 శాతం, అంటే 1260 కిలోలు ఉంటాయి. హుక్ మీద బరువు ఏమీ లేకపోతే పట్టు 756 కిలోలు. మనకు కావలసింది 890. ఎత్తు మీద బరువు కొంత వెనక చక్రాల పైకి వాలుతుంది కాబట్టి ఎండలో ఎలాగో గట్టెక్కవచ్చు, చినుకు పడితే మాత్రం చక్రం తిరిగిపోతుంది. మా చిన్నాన్న బండికి జరిగింది ఇదే. హుక్ మీద 650 కిలోలు పడే తొట్టి తగిలిస్తే వెనక చక్రాల మీద కనీసం 1910 అవుతుంది, పట్టు 1146 కిలోలకు చేరుతుంది. అదే ఇంజను, అదే ఎత్తు, అంతే బరువు. తొట్టి కూర్చునే తీరు మాత్రమే మారింది.

అందుకే కొనేటప్పుడు హెచ్‌పీ పక్కనే ట్రాక్టరు బరువు, వెనక టైరు సైజు అడగాలి. ఒకే 45 హెచ్‌పీ తరగతిలో రెండు బండ్ల మధ్య రెండు మూడు వందల కిలోల తేడా ఉండవచ్చు. దమ్ములో తేలికపాటి బండి నయం, తొట్టికి బరువైన బండి నయం. ఏ పని ఎక్కువో మీరే తేల్చుకోవాలి. తక్కువ పడ్డ బరువును తర్వాత చేర్చుకునే వీలుంది. 13.6-28 సైజు వెనక టైరులో ముప్పాతిక వంతు నీళ్లు నింపితే ఒక్కోదానిలో సుమారు 180 లీటర్లు, రెండిటికీ కలిపి 360 కిలోలు వస్తాయి. వాల్వు పైకి ఉండేలా చక్రం తిప్పి నింపితే ఆ మట్టం దగ్గర నీరు ఆగుతుంది, మిగతా చోటును గాలి నింపుతుంది. చక్రాలకు బిగించే పోత ఇనుప పళ్లేలు కూడా దొరుకుతాయి. దమ్ము రోజులు రాగానే ఈ బరువులు తీసేయాలి, లేకపోతే మళ్లలో బండి దిగబడుతుంది.

ఇక తొట్టి రకం. నాలుగు చక్రాల తొట్టి తన బరువు తానే మోస్తుంది, విప్పినా నిలబడుతుంది, ఎక్కువ సరుకు పడుతుంది. చదును నేల మీద, పెద్ద ట్రాక్టరు వెనక అది మంచి వస్తువే. కానీ హుక్ మీద దాని భారం పడదు కాబట్టి పట్టు మొత్తం ట్రాక్టరు సొంత బరువులోంచే రావాలి. పైగా ముందు ఇరుసు తిరిగే రకం కావడం వల్ల వెనక్కి తీసేటప్పుడు రెండు చోట్ల మడత పడుతుంది, ఇరుకు కళ్లంలో అనుభవమున్న డ్రైవరుకే సాధ్యం. కొండదారి ఉన్నవారికి రెండు చక్రాల తొట్టే చెప్తాను. సాలూరులో లారీ బాడీలు కట్టే పనివారు చాలామంది ఉన్నారు. తొట్టి చేయించేవారు అలాంటి చేయి తిరిగిన పనివారి దగ్గర కొలతలు ఇచ్చి, ఇరుసు ఎక్కడ రావాలో దగ్గరుండి చెప్పి చేయించుకోవచ్చు.

ఇరుసు చోటు, సరుకు పేర్చే తీరు కలిసి హుక్ మీద బరువును నిర్ణయిస్తాయి. మొత్తం తొట్టి బరువులో పదో వంతు నుంచి ఆరో వంతు వరకు హుక్ మీద పడితే బాగుంటుంది. ట్రాక్టరు పుస్తకంలో హుక్‌కు రాసిన పరిమితి దాటకూడదు. బస్తాలు వేసేటప్పుడు ముందు గోడకు ఆనించి మొదలుపెట్టి వెనక్కి రావాలి. నాకు అన్నిటికంటే భయం వాసాల లోడు చూస్తే. సరుగుడు వాసాలు తొట్టి దాటి ఏడెనిమిది అడుగులు వెనక్కి వేలాడుతుంటాయి, బరువు ఇరుసు వెనక్కి పోతుంది. చదును మీద అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. ఎత్తు ఎక్కగానే ఆ బరువు ఇంకా వెనక్కి వాలి, తొట్టి కాడి హుక్‌ను పైకి ఎత్తుతుంది. ట్రాక్టరు వెనక చక్రాల మీద బరువు తగ్గి, ఎంతో పట్టు కావలసిన క్షణంలోనే పట్టు పోతుంది. వాసాలను పొట్టిగా కోయించండి, లేదా ముందు గోడ మీదుగా ముందుకు జరిపి కట్టండి.

హుక్ మీద బరువు మరీ ఎక్కువైనా ప్రమాదమే, ఎందుకంటే అది ముందు చక్రాలను తేలిక చేస్తుంది. మన ఉదాహరణలో ముందు చక్రాల మీద నిలకడగా 840 కిలోలు ఉంటాయి. 650 కిలోల హుక్ భారం అందులోంచి దాదాపు 200 తగ్గిస్తుంది, ఎత్తు మీద తొట్టి వెనక్కి లాగే లాగుడు మరో 180 వరకు తగ్గిస్తుంది, బండి వాలు ఇంకొంచెం తగ్గిస్తుంది. చివరికి 400 కిలోల లోపే మిగులుతుంది. ట్రాక్టరు బరువులో అయిదో వంతు కూడా ముందు లేకపోతే స్టీరింగు చెప్పిన మాట వినదు. అందుకే ముందు బంపరుకు తగిలించే బరువుల బిళ్లలు కొనేటప్పుడే అడిగి తీసుకోండి. అవి అలంకారం కాదు. ఇక తొట్టిని గానీ, తాడును గానీ పైనున్న టాప్ లింకు (నాగలి లాంటి పనిముట్టును పైనుంచి పట్టి ఉంచే కడ్డీ) బిగించే చోట ఎప్పుడూ కట్టకూడదు. వెనక ఇరుసు కంటే ఎత్తైన చోటు నుంచి లాగితే ముందు భాగం లేచి, ట్రాక్టరు వెనక్కి తిరగబడి డ్రైవరు మీద పడుతుంది. అది క్షణంలో జరిగిపోతుంది, దూకే సమయం ఉండదు.

ఫోర్ వీల్ డ్రైవ్ బండిలో ముందు చక్రాల మీది బరువు కూడా పట్టుకు పనికొస్తుంది, దిగేటప్పుడు ఇంజను ఆపే బలం నాలుగు చక్రాలకూ అందుతుంది. ధర ఎక్కువైనా, రోజూ కొండ ఎక్కి దిగే ఇంటికి ఆ డబ్బు వృథా కాదని నా నమ్మకం. ఎండిన తారు మీద చదునులో మాత్రం దాన్ని తీసేసి నడపాలి, లేకపోతే ముందు టైర్లు త్వరగా అరిగిపోతాయి.

దిగడం గురించి ముందే ఆలోచించాలి

ఎక్కలేని బండి ఆగిపోతుంది, దిగలేని బండి మనుషులను చంపుతుంది. మనం చూసే మామూలు ట్రాక్టర్లలో బ్రేకులు వెనక చక్రాలకే ఉంటాయి, తొట్టికి చాలావరకు అసలు ఉండవు. 8600 కిలోల బండి అదే ఎత్తును దిగుతుంటే, టైర్లు దొర్లడానికి పోయింది తీసేసినా 545 కిలోల బలం దాన్ని ముందుకు తోస్తూనే ఉంటుంది. వెనక చక్రాలు ఎండిన తారు మీద గరిష్ఠంగా 1146 కిలోల బలంతో ఆపగలవు. అంటే నిజంగా వేగం తగ్గించడానికి మిగిలేది 600 మాత్రమే. ఈ లెక్కన గంటకు 20 కిలోమీటర్ల వేగంలో బ్రేకు నొక్కితే బండి ఆగడానికి 23 మీటర్లు పడుతుంది, 30 కిలోమీటర్ల వేగంలో 50 మీటర్లు. కాలు బ్రేకు మీదకు వెళ్లేలోగా దొర్లిపోయే దూరం దీనికి అదనం. వాన పడి పట్టు వంతు 0.4కు తగ్గితే 20 కిలోమీటర్ల వేగం నుంచి ఆగడానికే 60 మీటర్లు దాటుతుంది. అరవై మీటర్ల ముందు ఏముందో కనిపించే మలుపు కొండదారిలో ఎన్నిచోట్ల ఉంటుందో మీకు తెలుసు.

కొనేటప్పుడు బ్రేకుల గురించి మూడు విషయాలు చూడాలి. మొదటిది, నూనెలో మునిగి ఉండే బ్రేకులా, పొడి డిస్కులా అన్నది. నూనె బ్రేకులు పొడవైన దిగుడులో వేడిని బాగా తట్టుకుంటాయి, బురద, నీరు లోపలికి చేరవు. తొట్టి పనికి అవే తీసుకోండి. రెండోది, కుడి ఎడమ పెడళ్లను కలిపే లాచ్ గట్టిగా ఉందా అన్నది. పొలంలో మలుపు తిప్పడానికి విడివిడిగా నొక్కే ఆ పెడళ్లను రోడ్డెక్కగానే కలిపి వేయాలి. ఒక పక్కే బ్రేకు పడితే తొట్టి వెనక నుంచి తోసి, ట్రాక్టరును అడ్డంగా మడిచేస్తుంది. మూడోది, లోడుతో బండి ఆపి చేతి బ్రేకు వేస్తే వాలు మీద నిలుస్తుందా అన్నది. ఇక నడిపేటప్పుడు ఏ గేరులో ఎక్కుతామో అదే గేరులో దిగాలి. న్యూట్రల్‌లో గానీ, క్లచ్చు తొక్కి గానీ దిగితే డీజిలు కొంచెం మిగులుతుందేమో, బండి మాత్రం చేతిలో ఉండదు.

పెద్ద తొట్టి కొత్తగా చేయించేవారు బ్రేకు ఉన్న ఇరుసు అడగండి, ట్రాక్టరులో దానికి తగిన హైడ్రాలిక్ కనెక్షను ఉందో లేదో చూసి కొనండి. ఆ ఖర్చు మొత్తం బండి ధర ముందు చిన్నది. తొట్టి వెనక ఎర్ర దీపాలు, మెరిసే రిఫ్లెక్టరు టేపు తప్పనిసరి. రాత్రి ఆగి ఉన్న తొట్టిని వెనక నుంచి మోటారు సైకిలు ఢీకొట్టిన ఘటన మా చుట్టుపక్కల ఊళ్లలో ఒకటి కాదు. పెళ్లికీ జాతరకూ తొట్టిలో మనుషులను ఎక్కించే అలవాటును మీ ఇంట్లోనైనా మానిపించమని బతిమాలుకుంటున్నాను. ఇన్ని టన్నులను రెండే చక్రాలతో ఆపే బండి అది, అందులో పిల్లలు కూర్చోకూడదు.

హుక్, పిన్ను

ఇంత లెక్క చేశాక మొత్తం బండిని కలిపి ఉంచేది బొటనవేలంత ఇనుప పిన్ను. మా పాత పిన్నును ఒకసారి కడిగి వెలుతురులో పట్టుకు చూస్తే, రెండు చివరలా గుండ్రంగా నిండుగానే ఉంది గానీ, తొట్టి కడియం ఆనే నడుము దగ్గర ఒక పక్క చంద్రవంకలా అరిగి, వేలు పెడితే గుంట తగిలింది. ఇంకొన్ని లోడ్లు అయితే విరిగేది. కంపెనీ ఇచ్చే గట్టిపరచిన పిన్నే వాడాలి. బజారులో దొరికే మామూలు బోల్టు పెట్టకూడదు. పిన్నుకు కింద క్లిప్పు, దానితోపాటు తొట్టి కాడి నుంచి ట్రాక్టరుకు వేరే గొలుసు ఉండాలి. పిన్ను విరిగినా గొలుసు కాడిని నేల మీద గుచ్చుకోకుండా పట్టుకుంటుంది. హుక్ బిగించిన బ్రాకెట్టు చుట్టూ పగుళ్లు, మళ్లీ వెల్డింగు చేసిన గుర్తులు ఉన్న పాత బండిని ధర ఎంత తగ్గించినా తీసుకోకండి.

కాగితాల మీద చూడవలసినవి

షోరూములో ఇచ్చే రంగుల కాగితంలో ఇంజను హెచ్‌పీ పెద్ద అక్షరాల్లో ఉంటుంది. మనకు కావలసిన అంకె లాగుడు బలం. మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. ట్రాక్టర్లను పరీక్షించి అక్కడ నివేదికలు ఇస్తారు. ఆ నివేదికలో చక్రం 15 శాతం జారే లోపు ట్రాక్టరు ఎంత లాగగలిగిందో, అదనపు బరువులతో, అవి లేకుండా, విడివిడిగా ఉంటుంది. మీరు లెక్కించిన లాగుడు అంకెను దాని పక్కన పెట్టి చూడండి. డీలరును ఆ నివేదిక నకలు అడగడానికి మొహమాటపడకండి. అదే నివేదికలో ఏ గేరులో ఎంత వేగమో తెలిపే పట్టిక కూడా ఉంటుంది. గంటకు 6 నుంచి 15 కిలోమీటర్ల మధ్య కనీసం మూడు గేర్లు ఉన్న బండి కొండకు నప్పుతుంది. వాటి మధ్య పెద్ద ఖాళీ ఉంటే ఒక గేరులో ఇంజను గొంతు పూడుకుపోతుంది, దాని కింది గేరులో బండి పాకుతుంది. పవర్ స్టీరింగు కూడా తీసుకోండి, లోడుతో మలుపుల్లో భుజాలకు అది చేసే మేలు ఇంతా అంతా కాదు.

సరిహద్దులో ఉన్నవారికి రిజిస్ట్రేషను విషయం ప్రత్యేకంగా చెప్పాలి. మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం ఒక రాష్ట్రంలో రిజిస్టరైన వాహనాన్ని మరో రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉంచితే అక్కడ కొత్త నంబరు తీసుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లోని పాతపట్నంలో ఉన్న బావమరిది దగ్గర ట్రాక్టరు కొని పర్లాకిమిడి తెచ్చుకునేవారు మొదటి రోజే నిరభ్యంతర పత్రం అడిగి పుచ్చుకోవడం మంచిది. రెండేళ్ల తర్వాత అడిగితే ఆ కాగితం కోసం తిరిగే ఖర్చు మిగిల్చిన ధరను మింగేస్తుంది. తొట్టికి వేరే రిజిస్ట్రేషను ఉండాలి, బీమాలో దాన్ని కూడా చేర్పించాలి. వ్యవసాయ ట్రాక్టరును చట్టం రవాణా వాహనంగా చూడదు. సొంత పంట మోసుకోవడానికి ఆ నంబరు సరిపోతుంది, కిరాయికి ఇసుక, ఇటుక తోలేవారు రవాణా రిజిస్ట్రేషను, దానికి తగిన బీమా చేయించుకోవాలి. లేకపోతే ప్రమాదం జరిగిన రోజున బీమా సొమ్ము చేతికి రాకపోవచ్చు. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. బిల్లులో ఆ రేటే వేశారో లేదో చూసుకోండి.

పాత బండి కొనేవారు క్లచ్చును ఇలా పరీక్షించవచ్చు: చదును మీద, ఎదుట మనుషులు లేకుండా చూసి, బ్రేకులు గట్టిగా తొక్కి, పై గేరు వేసి, క్లచ్చును మెల్లగా వదలాలి. ఇంజను వెంటనే ఆగిపోతే క్లచ్చు బాగున్నట్టు, ఆగకుండా తిరుగుతూ ఉంటే అరిగినట్టు. వెనక ఇరుసు చివర నూనె కారుతున్న మరక ఉంటే లోపల సీలు పోయిందని అర్థం. పొడి బ్రేకుల బండిలో ఆ నూనె బ్రేకుల మీదకు చేరి ఉండవచ్చు.

చివరి పరీక్ష మీ తొట్టితో, మీ దారిలో

డెమో ఇస్తామని డీలరు తన ఆవరణలో ఖాళీ బండి తిప్పి చూపిస్తే ఒప్పుకోకండి. మీ తొట్టి, మీ సరుకు, మీ దారి కావాలని చెప్పండి. మొదట సగం లోడుతో వెళ్లి, ఏ ఇబ్బందీ లేకపోతేనే పూర్తి లోడు వేయండి. ఎత్తు మధ్యలో బండి ఆపి, చేతి బ్రేకు వేసి, ఒక మనిషిని రాయితో తొట్టి చక్రం పక్కన, బండి దారికి అడ్డం రాకుండా నిలబెట్టి, మళ్లీ కదిలించి చూడండి. ముందు చక్రాలు నేలను వదులుతున్నాయా, వెనక చక్రాలు జారుతున్నాయా, క్లచ్చు వాసన వస్తోందా అన్నవి ఆ ఒక్క కదలికలోనే తెలిసిపోతాయి. ఇరవై నిమిషాల ఎక్కుడు తర్వాత వేడి చూపే ముల్లు ఎక్కడుందో చూడండి. దిగేటప్పుడు ఎక్కిన గేరులోనే ఉంచి, బ్రేకు ముట్టకుండా కొంత దూరం వెళ్లనివ్వండి. ఇంజనే వేగాన్ని పట్టి ఉంచాలి. ఇవన్నీ నెగ్గిన బండికే బయానా ఇవ్వండి. బండి తెచ్చుకునే రోజున తొట్టిని కూడా వెంట తీసుకెళ్లి తగిలించి, పక్కకు నిలబడి చూడండి. తొట్టి అడుగు నేలకు సమాంతరంగా ఉండాలి. ముందుకు వాలినా వెనక్కి వాలినా, కాడి కడియాన్ని ఎత్తు మార్చి బిగించే పని ఆ రోజే వెల్డింగు షాపులో చేయించుకుని ఇంటికి రండి.